బడిసంచి సోదా

2022వ సంవత్సరము నవంబరు నెలలో బెంగుళూరు నగరమున కొన్ని పాఠశాలల వారు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల సంచులను ఉన్నట్టుండి తెరిపించి చూచినారు. తరగతులలోనికి సెల్‌ఫోనులు వచ్చుచున్నవన్న ఫిర్యాదు మీద ఆ సోదా జరిగినది. ఫోనులతోపాటు సిగరెట్లు, లైటర్లు, వైట్‌నర్ సీసాలు, గర్భనిరోధక సాధనములు సైతము దొరికినవని పత్రికలు వ్రాసినవి. తల్లిదండ్రులను పిలిపించినారు. పిల్లలను బడినుండి వెడలగొట్టక, కొన్నాళ్ళు ఇంటివద్ద ఉంచుకొని, మంచిచెడ్డలు తెలియజెప్పగలవారి వద్దకు పంపుడని సలహా ఇచ్చినారు. కడప, అనంతపురము, చిత్తూరు సీమలలో బెంగుళూరున ఒక్క బంధువైనను లేని కుటుంబము అరుదు. అందుచేత ఆ వార్త మన ఇండ్లకు పత్రికకంటె ముందు ఫోనులోనే చేరినది. మన బడులలో కూడ సంచులు చూడవలసినదే అన్నవారు ఎక్కువమంది. చూచుటకు ఎవరికి, ఎంతవరకు అధికారము కలదని అడిగినవారు తక్కువమంది. ఈ ప్రసంగములో మనము ఆ తక్కువమంది అడిగిన ప్రశ్ననే తీసికొందము.

భయమునకు కారణము లేదని మేము అనము. విశాఖ మన్యములోని గంజాయి తోటలను 2021లో పోలీసులు 'పరివర్తన' అను పేర వేల యకరములలో నరికివేయించినారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మాదకద్రవ్యముల నిరోధమునకై 'ఈగల్' అను ప్రత్యేక దళమును ఏర్పాటుచేసి, ఫిర్యాదులకు 1972 అను ఫోను నంబరు ఇచ్చినది. అంతకు ముందు, 2017 జూలైలో, హైదరాబాదున ఎల్.ఎస్.డి. అమ్మకమును పట్టుకొన్న ఎక్సైజు అధికారులు, కొనుగోలు చేసినవారిలో పాఠశాల విద్యార్థులు కూడ ఉన్నారని ప్రకటించినారు. తల్లి గుండె ఆ మాట విని కుదుటపడి ఉండదు.

2016 డిసెంబరు 14న సుప్రీంకోర్టు 'బచ్‌పన్ బచావో ఆందోళన్' వారి వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, పిల్లలలో మత్తుపదార్థముల వాడకము ఎంత ఉన్నదో ఆరు నెలలలో దేశవ్యాప్తముగా లెక్కతీయవలెనని కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. తరువాత ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ నిర్వహించిన సర్వే 2019లో వెలువడినది. అందులో ఒక సంగతి మనము ప్రత్యేకముగా గమనింపవలెను. మద్యము, గంజాయి మొదలైనవన్నియు పిల్లలకంటె పెద్దలలో ఎక్కువ. పెద్దలకంటె పిల్లలలో ఎక్కువగా కనిపించిన మత్తు ఒక్కటే. అది వాసన పీల్చెడి మత్తు. వైట్‌నర్, పంక్చరు వేయు సొల్యూషను, రంగులను పలుచన చేయు థిన్నరు - ఈ జాతివి. ఇవి ఏ చీకటి సందులోనో దొరకునవి కావు. బడి ఎదుటి పుస్తకముల కొట్టులో ఒకటి, సైకిలు షాపులో మరొకటి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని పడును.

రాయచోటి నుండి కడపకు వచ్చు త్రోవలో గువ్వలచెరువు కనుమ కలదు. ఒక రాత్రి ఆ కనుమలో పోలీసులు ఒక మనుష్యుని గంజాయి వ్యాపారి అను అనుమానముతో ఆపినారనుకొందము. అతని ఒంటిని తడవి చూడవలెనన్న ముందుగా ఒక మాట చెప్పక తప్పదు. "నిన్ను గెజిటెడ్ అధికారి ఎదుటనో, మేజిస్ట్రేటు ఎదుటనో సోదా చేయుమని కోరు హక్కు నీకు కలదు" అని తెలుపవలెను. ఇది 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 50వ సెక్షను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెనని కూడ అందే ఉన్నది. ఆ మాట చెప్పక సోదా చేసి, అట్లు దొరికిన సరకునే ఆధారముగా చేసికొని శిక్షించినచో ఆ శిక్ష నిలువదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము చెప్పినది. 2010లో మరియొక ధర్మాసనము ఈ నియమమును తు.చ. తప్పక పాటింపవలెనన్నది. చేతిసంచికి ఈ సెక్షను వర్తింపదు, ఒంటిమీది సోదాకు మాత్రమే వర్తించును. అది వేరు సంగతి. అనుమానితుడైన వ్యాపారికి సైతము చట్టము ఇంత మర్యాద చేసినదన్నది ఇక్కడ ముఖ్యము.

అదే కనుమ దాటి తెల్లవారి మొదటి బస్సులో చదువుకొనుటకు వచ్చు ఎనిమిదవ తరగతి బాలుని మాట ఏమి? అతని జేబులో ఏదో ఉన్నదని తోటివాడొకడు చెప్పినాడు. అతనిని బల్లమీద నిలువబెట్టి, జేబులు బయటికి తీయించి, సంచి నేలమీద గుమ్మరించినారు. జ్యామెట్రీ పెట్టె, క్యారియరు, నలిగిన ఫోటో ఒకటి, ఎవరికో వ్రాసి ఇవ్వలేకపోయిన చీటీ ఒకటి పడినవి. నలువదిమంది చూచుచున్నారు. వెదకిన వస్తువు దొరకలేదు. చీటీ మాత్రము అందరి చేతులు మారినది. ఇట్టి సోదాను ఎవరు చేయవలెను, ఏ అనుమానముమీద చేయవలెను, ఎవరి ఎదుట చేయవలెను అని మన 2009 నాటి విద్యాహక్కు చట్టములో వెదకిచూచినచో ఒక్క వాక్యము కూడ కానరాదు.

అయితే ఆ చట్టములో రెండు సెక్షనులు ఈ విషయమును ప్రక్కనుండి తాకుచున్నవి. 17వ సెక్షను పిల్లలను కొట్టుటనే కాక, మానసికముగా వేధించుటను కూడ నిషేధించినది. 16వ సెక్షను ప్రకారము ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగియువరకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. జేబులో బీడీ దొరికినదని ఏడవ తరగతి పిల్లవానికి పేరు కొట్టివేసి పంపుట చట్టసమ్మతము కాదు. ఈ సంగతి తెలియని పెద్దలు మనలో చాలమంది కలరు.

ఉపాధ్యాయుడు పోలీసు కాడు, బడిలో అతడు తండ్రి స్థానమున ఉన్నాడు, తండ్రికి లేని అభ్యంతరము అతనికి ఏల అని కొందరు వాదింతురు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. తల్లి చొక్కా ఉతుకుటకు ముందు జేబు తడవి చూచును. ఆమె ఎవరి అనుమతియు కోరదు. కాని తల్లి ఆ పని పెరటిలో చేయును, నడివీధిలో చేయదు. దొరికినది తన కొంగున ముడివేసికొని, రాత్రి అందరు నిద్రపోయిన తరువాత అడుగును. తండ్రి స్థానమున నిలువదలచినవారు తల్లి పద్ధతిని కూడ తీసికొనవలెను గదా. సోదా వలన కలుగు బాధలో సగము వెదకుటలో లేదు, చూచువారి కన్నులలో ఉన్నది.

వ్యక్తిగత గోప్యత అను మాట మనకు విదేశములనుండి దిగుమతి అయినదని తలంచువారున్నారు. మన న్యాయస్థానముల చరిత్ర వేరుగా చెప్పుచున్నది. ఖరక్ సింగ్ అను ఒక ఉత్తరప్రదేశ్ వాసి మీద ఒకప్పుడు బందిపోటు నేరము మోపినారు. సాక్ష్యము లేక వదలినారు. వదలిన తరువాత పోలీసులు అతని పేర చిట్టా తెరచి, రాత్రులు వచ్చి తలుపు తట్టుచుండిరి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టులోని అధికసంఖ్యాక న్యాయమూర్తులు ఆ రాత్రి రాకలను తప్పనిరి గాని, గోప్యత అను హక్కు మన రాజ్యాంగములో లేదని కూడ అనినారు. లేకేమి, అది స్వేచ్ఛలో విడదీయరాని భాగము అని భిన్నముగా తీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించినారు. సుబ్బారావుగారు రాజమహేంద్రవరమువారు, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఉన్న కాలమున గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆనాడు ఒంటరిగా వినిపించిన ఆ మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా అంగీకరించినారు. మధ్య గడచినది ఏబదినాలుగేండ్లకు పైబడిన కాలము.

ఈ నడుమ మన కడప పేరు కూడ ఆ చరిత్రలో ఒకచోట వచ్చినది. కాపురమునకు రావలసినదని భార్యపై భర్త కడప సబ్‌కోర్టులో వేసిన దావా ఒకటి హైకోర్టునకు చేరగా, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరిగారు, మనిషి దేహముపై నిర్ణయము ఆ మనిషిదే అనియు, కోర్టు ఆజ్ఞతో కాపురము చేయించుట గోప్యతకు భంగమనియు చెప్పి, ఆ సెక్షనునే కొట్టివేసినారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకపోయినను ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. మన రాష్ట్రపు స్టాంపు చట్టసవరణ మీద కెనరా బ్యాంకు వారు నడిపిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మన విషయమునకు మరింత దగ్గరిది. గోప్యత చోటులకు సంబంధించినది కాదు, మనుష్యులకు సంబంధించినది అని ఆ తీర్పు సారాంశము. ఇల్లు విడిచి బడికి వచ్చినంత మాత్రాన పిల్లవాడు దానిని గుమ్మమువద్ద చెప్పులతోపాటు విడిచి రాడు.

బడులలో సోదాల విషయము తేల్చుటకు ఎక్కువ శ్రమపడిన దేశము అమెరికా. అక్కడ న్యూజెర్సీలో 1980లో పదునాలుగేండ్ల బాలిక మరుగుదొడ్డిలో సిగరెట్టు కాల్చినదని పట్టుకొని, ఆమె చేతిసంచి తెరచి చూడగా గంజాయి దొరికినది. 1985లో వారి సుప్రీంకోర్టు రెండు విషయములు చెప్పినది. రాజ్యాంగము బడిగోడలోపల కూడ వర్తించును; అయితే పోలీసునకు కావలసినంత ఆధారము ఉపాధ్యాయునకు అక్కరలేదు, సహేతుకమైన అనుమానము చాలును. ఇది నడిమి త్రోవ. ఆరిజోనా రాష్ట్రములోని సాఫర్డ్ అను ఊరిలో 2003లో ఈ త్రోవ కూడ తప్పినారు. పదుమూడేండ్ల బాలిక వద్ద నొప్పిమాత్రలు ఉన్నవను అనుమానముతో, సంచి చూచి ఏమియు దొరకకపోగా, లోదుస్తులవరకు వెదకించినారు. అక్కడను ఏమియు దొరకలేదు. 2009లో ఆ కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. నొప్పిమాత్ర కొరకు అంతవరకు పోవుదురా అన్నది ఆ తీర్పులోని ప్రశ్న.

మూత్రపరీక్షల చరిత్ర అంత ఊరట కలిగించునది కాదు. ఆరెగాన్‌లోని వెర్నోనియా అను చిన్న ఊరిలో ఏడవ తరగతి బాలుడొకడు ఫుట్‌బాల్ ఆడగోరినాడు. ఆడవలెనన్న మూత్రపరీక్షకు ఒప్పుకొనవలెనన్నారు. అతనిమీద ఎవరికిని ఏ అనుమానమును లేదు. తల్లిదండ్రులు సంతకము పెట్టమన్నారు. 1995లో కోర్టు ఆరుగురి మాటకు ముగ్గురి మాట తగ్గగా పాఠశాల పక్షమున తీర్పు చెప్పినది. 2002లో ఆ పరీక్ష పాటల బృందమునకు, ఇతర పోటీలకు కూడ ప్రాకినది. కోర్టు సరే అన్నను, ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘము మాత్రము బడులలో ఇట్టి పరీక్షలను విస్తృతముగా జరుపరాదని 2015లో ప్రకటించినది. వైద్యులు ఏల అట్లన్నారో ఆలోచింతము.

మొదట, మూత్రములో పట్టీ ముంచి రంగు చూచు పరీక్ష తుదిమాట కాదు. అనుమానమును పుట్టించు పరీక్ష మాత్రమే. మన ఇండ్లలో మాంసము కూరకు నూరు మసాలాలో గసగసాలు ఉండును. పండుగనాడు గసగసాల పాయసము ఉండును. అవి నల్లమందు మొక్క గింజలు. తిన్న మరునాడు పరీక్షించినచో నల్లమందు వాడినట్లు చూపవచ్చును. ఈ చిక్కు వలననే అమెరికా ప్రభుత్వము తమ ఉద్యోగుల పరీక్షలో హద్దును 1998లో 300 నుండి 2000 నానోగ్రాములకు పెంచినది. కొన్ని దగ్గుమందులతో కూడ ఇట్టి పొరపాటు కలదు. నిజము తేలవలెనన్న గ్యాస్ క్రొమటోగ్రఫీ వంటి యంత్రముపై మరల పరీక్షింపవలెను. అది ప్రధానోపాధ్యాయుని గదిలో జరుగు పని కాదు. గంజాయి జాడయా, అలవాటుపడినవాని మూత్రములో వారములకొలది నిలుచును. మానివేసి ఇరువది దినములైన పిల్లవాడు కూడ దోషిగా కనబడవచ్చును.

రెండవది, ముందు జ్ఞాపకముంచుకొమ్మన్న సంగతి. పిల్లలలో పెద్దలకంటె ఎక్కువగా కనిపించిన మత్తు వైట్‌నర్, సొల్యూషను జాతిది గదా. సాధారణముగా దొరకు మూత్రపరీక్షల పట్టీ ఈ వాసనలను పట్టనే పట్టదు! అనగా పాయసము తిన్నవాడు పట్టుబడును, సొల్యూషను పీల్చినవాడు తప్పించుకొనును. మూడవది, అరెస్టయిన నిందితుని దేహమును పరీక్షించుటకు కూడ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత రిజిస్టరయిన వైద్యుని కోరుచున్నది. స్త్రీయైనచో పరీక్ష స్త్రీ వైద్యురాలిచేత గాని, ఆమె పర్యవేక్షణలో గాని జరుగవలెననుచున్నది. బడిలో సీసా చేతికిచ్చి మరుగుదొడ్డి తలుపువద్ద నిలుచు అటెండరునకు ఏ చట్టము అధికారమిచ్చినది?

సోదా అనగానే మత్తుమందుల మాటే కాదు. మార్చి నెల వచ్చినదన్న పరీక్షా కేంద్రముల గేటువద్ద పిల్లలను వరుసగా నిలిపి తడవిచూచుట మనకు పరిపాటి. చీటీలు తెచ్చువారున్నంతకాలము ఏదో ఒక తనిఖీ తప్పదు. కాని అది ఎంతదూరము పోగలదో నీట్ పరీక్ష చూపినది. 2017లో కేరళలోని కన్నూరు జిల్లాలో, 2022లో కొల్లం జిల్లాలో, లోదుస్తులలోని లోహపు కొక్కెము మ్రోగినదని బాలికలచేత ఆ దుస్తులను తీయించినారు. కొల్లం బాలికలకు ఆ ఏడు సెప్టెంబరులో మరల పరీక్ష వ్రాయు అవకాశమిచ్చినారు. అవకాశమునైతే తిరిగి ఇచ్చినారు. బాలికలను స్త్రీ సిబ్బందియే, నాలుగువైపుల మూసిన తావున తనిఖీ చేయవలెనను నియమము ఆ పరీక్షకు వ్రాతపూర్వకముగా ఉన్నది. అంత చిన్న నియమమైనను మన ఊరి బడులకు లేదు.

మన సీమకు ప్రత్యేకమైన విషయము ఒకటి కలదు. వానలు తప్పిన ఏడు కర్నూలు పడమటి మండలములనుండి కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపు తరలిపోవును. పిల్లలను సీజనల్ హాస్టళ్ళలో ఉంచి పోవుదురు. కడప జిల్లాలో కూడ గురుకులములలో, కస్తూరిబా విద్యాలయములలో ఉండి చదువుకొను ఆడపిల్లలు వేలకొలది. ఆ బిడ్డకు హాస్టలులో తనదనునది ఒక్క ట్రంకుపెట్టె. అందులో రెండు జతల బట్టలు, నెలనెల కావలసిన గుడ్డలు, అమ్మ ఇచ్చిన వందరూపాయల నోటు, నాన్న ఫోటో. దాని తాళపుచెవి మెడలోని దారమున వ్రేలాడుచుండును. ఇల్లు తాళమువేసి తల్లిదండ్రులు పొలముల వెంట పోగా, ఆ బిడ్డకు ఆ పెట్టెయే ఇల్లు. అట్టి పెట్టెను ఆమె లేనప్పుడు తెరచినచో, ఏమియు పోకపోయినను, ఆమెకు ఇల్లు పోయినట్లే. అవమానపడిన ఆడపిల్ల మరుసటి పండుగకు ఊరికి పోయి తిరిగి రాదు. ఎందుకు రాలేదని అడుగువారు ఉండరు. పెండ్లి చేసినారని రిజిస్టరులో వ్రాసికొందురు.

ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టుకొనరు. అట్లని ఎలుకలను పెంచుకొనుమనియు మేము చెప్పము. బడులవారు చేయదగిన పని అంత కష్టమైనది కాదు. ఒక కాగితముమీద ఇమిడిపోవును. పేరుపేరున అనుమానమునకు కారణముండవలెను. తరగతి అంతటిని వరుసలో నిలుపరాదు. కారణమును ముందుగా వ్రాసికొనవలెను, వెదకిన తరువాత కాదు. తరగతి ఎదుట కాక వేరు గదిలో, ఇద్దరు ఉపాధ్యాయుల ఎదుట, ఆడపిల్లయైనచో ఇద్దరును స్త్రీలుగా, సంచి పిల్లవానిచేతనే తెరిపించి చూడవలెను. వెదకునది ఫోను అయినచో చీటీలు చదువ పనిలేదు. ఒంటిమీది దుస్తుల జోలికి బడివారు పోరాదు. అంత అవసరము నిజముగా వచ్చినచో తల్లిదండ్రులను, చట్టమెరిగిన అధికారిని పిలువవలెను. మత్తు అలవాటైనదని తోచినచో పిల్లవానిని పంపవలసినది ఆసుపత్రికి. మాదకద్రవ్యముల చట్టమే 64-ఏ సెక్షనులో, తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరునకు విచారణనుండి రక్షణ ఇచ్చుచున్నది. ఇక ఆ మత్తును పిల్లవాని చేతికిచ్చినవానికి, 2015 నాటి బాలన్యాయ చట్టము 77వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు కఠినశిక్ష కలదు. బడికి నూరుగజముల లోపల సిగరెట్లు అమ్మరాదని 2003 చట్టము చెప్పుచున్నది. సంచులు వెదకువారు ఒకమారు గేటు దాటి ఆ నూరుగజములు నడిచి చూచినచో, వెదకుచున్నది ఎదుటనే వ్రేలాడుచు కనిపించవచ్చును.

మనదేశము 1992 డిసెంబరులో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 33వ అధికరణము పిల్లలను మాదకద్రవ్యములనుండి కాపాడుమనుచున్నది. అదే పత్రములో 16వ అధికరణము వారి గోప్యతను కాపాడుమనుచున్నది. రెండింటిని వ్రాసినవారు ఒక్కరే. రెండింటికి సంతకము చేసినవారమును మనమే.

మరి సోదాలో ఏదో దొరికినదనుకొందము. మందలించినారు, వైద్యునికి చూపినారు, పిల్లవాడు బాగుపడినాడు. పదవ తరగతి ముగిసినది. టి.సి. వ్రాయునపుడు అందులో 'ప్రవర్తన' అను గడి ఒకటి ఎదురగును. నేరము ఋజువై శిక్షపడిన బాలుని రికార్డును సైతము, అప్పీలు గడువు దాటిన తరువాత సాధారణముగా నాశనము చేయవలెనని బాలన్యాయ చట్టము 24వ సెక్షను చెప్పుచున్నది. ఎనిమిదవ తరగతిలో సంచిలో దొరికిన సీసాను ఆ గడిలోనికి ఎక్కించు అధికారము ఏ గుమాస్తాకును లేదు. ఆ గడిలో వ్రాయవలసిన మాట 'సంతృప్తికరము' అనియే.